కొత్తగా దిగిన ఇంట్లో పాత పెరడు: ఏది ఉంచాలి, ఏది తీయాలి?

హనుమకొండలో పాత ఇల్లు కొని సంక్రాంతి తర్వాత దిగామన్నారు. ఎండుకట్టెల్లా ఉన్న పెరట్లో ఇప్పుడు ఒక్కొక్కటే పూస్తున్నాయి, వేటిని పీకేయాలని అడిగారు. ఒక్క వానకాలం దాటేదాకా గడ్డపార ముట్టకండి. మన దగ్గర మాఘ, ఫాల్గుణాల్లో చచ్చినట్టు కనబడే చెట్లు చాలావరకు బతికే ఉంటాయి.

దేవగన్నేరునే చూడండి. ఆకంతా రాల్చి మొద్దు కొమ్మలతో నిలబడుతుంది. గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా ఉండి పాలు కారితే ప్రాణమున్నట్టే. పూగుత్తి కొమ్మ కొసకే వస్తుంది కాబట్టి ఇప్పుడు కొసలు నరికితే ఈ ఏటి పూలు పోతాయి. వేప ఉంటే ఉగాది దాకా కొమ్మ కొట్టొద్దు, పచ్చడికి పువ్వు ఇంట్లోనే దొరుకుతుంది.

ఎండలు ముదిరాక ఉత్త నేలలోంచి ఒక్క కాడ లేచి ఎర్రటి బంతిలా పూస్తే అది ఫుట్‌బాల్ లిల్లీ. పువ్వు వాడాక వచ్చే ఆకులే గడ్డకు బలమిస్తాయి, అవి పండి రాలేదాకా కోయకండి. ఆ చోట పుల్ల గుచ్చి పెట్టుకోండి. లేకుంటే చలికాలంలో తవ్వేటప్పుడు గడ్డ తెగుతుంది.

అన్నిటికన్నా మల్లె దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మల్లె కొత్త చిగురు మీదనే మొగ్గ తొడుగుతుంది. గుబురుగా ఉందని మార్చిలో కత్తిరిస్తే మొగ్గలన్నీ పోయినట్టే. ఇప్పుడు పాదు చేసి, చివికిన పశువుల ఎరువు ఐదు కిలోలు వేసి, చెల్క నేలైతే మూడు రోజులకోసారి, నల్లరేగడైతే వారానికోసారి నీళ్లు పెట్టండి. కత్తిరింపు నవంబరు చివర్లో. ముందుగా నీళ్లు ఆపి, మొక్క వాడుముఖం పట్టాక నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉంచి కోసి, ఎరువు వేసి మళ్లీ తడి పెట్టాలి. గోడ పొంటి ఉన్న మల్లెకు ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా మారితే మట్టిలో సిమెంటు, సున్నం పెళ్లలు కలిసి ఇనుము అందడం లేదన్నమాట. పెళ్లలు ఏరేసి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లండి. పది రోజులకు మళ్లీ ఒకసారి.

గన్నేరు, పచ్చగన్నేరు మాత్రం వేరు. ఇంట్లో పసిపిల్లలుంటే వానకాలం దాకా ఆగకుండా తీసేయండి. పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది. చేతికి తొడుగు వేసుకుని కోయండి, పాలు కంట్లో పడనీయకండి. కోసిన కొమ్మలు కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే.