పందిరి చేతుల గురించి మేనకోడలికి

నెల్లూరు

చిరంజీవి అమ్మణ్ణికి మామ దీవించి రాసేది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. బంగారం లాంటి ఉద్యోగం మానేసి ఒంగోల్లో షెడ్డు అద్దెకు తీసుకున్నావట, టిఫిన్ వ్యాన్లకు చాపి ముడుచుకునే పందిళ్లు చేస్తావట, అన్నీ నా పోలికలేనట. తిట్లన్నీ నాకే. తింటూనే లోపల పొంగిపోయాను, ఆ సంగతి ఆమెకు చెప్పకు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మను కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూశాను. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు గానీ వినవు. అందుకని కాగితం మీద పెడుతున్నా.

ముందు చిన్న చిన్నవి. పందిరిని మోసే చేతుల్లో, పైపులో పైపు దూరేచోట లోపలి వెల్డింగ్ అతుకును ఆకురాయితో రాకి నున్నగా చెయ్యి, లేకపోతే పదిసార్లు లాగేసరికి బిగుసుకుంటుంది. ఇనుము మీద ఇనుము రాసుకోకుండా మధ్యలో నైలాన్ బుష్, అంటే తొడుగు, వెయ్యి. చెయ్యి పూర్తిగా సాగినప్పుడు కూడా లోపలి పైపు కనీసం జానెడు బయటి పైపులోనే ఉండాలి. అల్యూమినియం చేతికి ఇనుప బోల్టు నేరుగా బిగించకు. సముద్రపు గాలికి ఆ రెంటి మధ్య తెల్లటి పొడి పట్టి ఊడదీయలేవు. పందిరి అంచు ఎవరి నుదుటికీ తగలనంత ఎత్తులో ఉండాలి. చెయ్యి చాపి ఉండగా బండి కదిలితే డ్రైవరు ముందు బజర్ మోగాలి. ఇవన్నీ నీకు తెలిసినవే, చదువుకున్న పిల్లవి.

గాలి లెక్క కూడా నీకు తెలుసు. గంటకు 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు పట్ట మీద నాలుగు కిలోల చిల్లర తోస్తే, 60 కిలోమీటర్లది 17 కిలోలు తోస్తుంది. వేగం రెండింతలు, తోపు నాలుగింతలు. ఈ మాట నాకు యాభై ఏళ్లు దాటాక ఒక ఇంజనీరు చెప్పాడు. అప్పటిదాకా నేను పందిరి బరువు కిందికే ఉంటుందనుకున్నాను. గాలి దాన్ని పైకి ఎత్తుతుంది కూడా. నీ బొమ్మలో చెయ్యి కిందికి జారకుండా పిన్ను ఉంది గానీ, పైకి ఊడి రాకుండా ఆపేది ఏదీ కనిపించలేదు. ఉంటే నన్ను తిట్టుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది.

నీ చిన్నప్పుడు నా ఎడమచేతి ఉంగరపు వేలు పట్టుకుని "మామా, దీని కొస ఎవరు తిన్నారు?" అని అడిగేదానివి. కాకి ఎత్తుకుపోయిందని చెప్పాను. నువ్వు చాన్నాళ్లు కాకులకు అన్నం పెట్టనని మొండికేశావు. అది కాకి పని కాదు తల్లీ. నేను చేసిన పందిరి చెయ్యి తిన్నది.

1997లో. ఒకాయన పాత మెటడార్ వ్యానుకు బజ్జీల కొట్టు కట్టించుకున్నాడు, పందిరి నేను చేశాను. ఎనిమిది అడుగుల పట్ట, రెండు చేతులు, వ్యాను నడుము దగ్గర మొదలై ఏటవాలుగా పైకి వెళ్లి పట్ట ముందు అంచు బద్దను మోస్తాయి. ఒక్కో చేతికి ఒక్క పిన్ను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని పట్టను బల్లపరుపుగా పెట్టాను. నా పొగరు చూడు, నీళ్లు ఎటు పోతాయని అడిగినాయనతో "ఇది పందిరి సామీ, పెంకుటిల్లు కాదు" అన్నాను.

కార్తీక పౌర్ణమి నాడు మైపాడు బీచ్‌లో పెట్టాడు బండి. సముద్ర స్నానాలకు వచ్చిన జనం, నేను కూడా నా పనితనం చూసుకుందామని వెళ్లాను. మధ్యాహ్నానికి ఈశాన్యం నుంచి మబ్బు కమ్మి వాన దబాయించింది. జనం అంతా పందిరి కిందికి దూరారు. పట్ట మధ్యలో నీళ్లు నిలిచి గేదె పొదుగులా వేలాడసాగింది. చదరపు మీటరులో అంగుళం నీళ్లు నిలిస్తే 25 కిలోలు. అక్కడ ఎన్ని అంగుళాలున్నాయో దేవుడికెరుక. చేతులు సన్నగా మూలగడం మొదలుపెట్టాయి.

అందరినీ బయటికి తోసి, ఒక చెయ్యి కాస్త దించితే నీళ్లు ఆ మూలకు జారిపోతాయనుకున్నాను. ఆలోచన మంచిదే. పిన్ను రాలేదు. బరువంతా దాని మీదే ఉంటే ఎట్లా వస్తుంది? సుత్తి తీసుకుని కొట్టాను. ఎడమచేత్తో బయటి పైపు మూతి దగ్గర పట్టుకున్నాను. లాగడానికి వీలుగా ఉంటుందని లోపలి పైపుకు నేనే ఒక బోల్టు ముక్కను పిడిలా అతికించి ఉన్నాను. మూడో దెబ్బకు పిన్ను ఎగిరిపోయింది. లోపలి పైపు ఒక్క ఉదుటున కిందికి దిగింది. ఆ పిడికీ పైపు మూతికీ మధ్య నా వేలుంది.

మీ అమ్మ అప్పుడు నాతోనే వచ్చింది. పైట చింపి కట్టు కట్టింది. నెల్లూరు చేరేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే నువ్వు షెడ్డు పెడుతున్నావంటే ఉద్యోగం పోయిందని కాదు ఆమె ఏడ్చింది, అర్థం చేసుకో.

అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. దెబ్బ తగిలాక నాకు బుద్ధి రాలేదు. పైపు సన్నమైందనుకున్నాను. ఏడాది పాటు లావు పైపులతో చేతులు చేశాను. బరువు పెరిగింది, ఒక బండికైతే బ్రాకెట్ పల్చటి రేకును చించుకుని బయటికి వచ్చింది. (బ్రాకెట్ ఎప్పుడూ స్తంభానికే, రేకుకు కాదు.) పైపు ఎప్పుడూ తప్పు చేయలేదు. చెయ్యి తెరుచుకోవడం గురించి రాత్రుళ్లు ఆలోచించాను గానీ, మూసుకోవడం గురించి ఆలోచించలేదు. అది కూడా వానలో, బరువు మీద, కంగారులో, తడి చేతులతో.

నీ బొమ్మలో నేను చూసింది ఇదే, అమ్మణ్ణీ. ఒక్క పిన్ను. పక్కనే అందమైన పిడి.

పిన్ను ఉంచుకో, ఎత్తు గుర్తుకు. బరువు మాత్రం దాని మీద వెయ్యకు. మర తిప్పితే మెల్లగా దిగే కాలరు, అంటే పైపు చుట్టూ పట్టే కట్టు, పెట్టు, లేదా పిన్ను ఊడినా బెత్తెడు కంటే ఎక్కువ జారకుండా లోపల ఇంకో అడ్డు పెట్టు. ఆ బెత్తెడు దారిలో వేలు దూరే సందు ఎక్కడా ఉండకూడదు. కారు డిక్కీకి ఉండే గ్యాస్ కడ్డీ పెడతానని మీ అమ్మతో అన్నావట. పెట్టు, దించేటప్పుడు మెత్తగా ఉంటుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ గ్యాస్ కారి అది నీరసపడుతుంది, దాన్నొక్కదాన్నే నమ్మకు. ఆరడుగుల పట్టకు కనీసం అడుగున్నర వాలు ఇవ్వు. ఒక మూల ఇంకాస్త దిగి ఉంటే నీళ్లు అటే పోతాయి, దోసెలు తినేవాళ్ల ప్లేట్లో కాదు.

మొదటి జత పూర్తయ్యాక ఎవరికీ అమ్మకు. రంగు కూడా వెయ్యకు. నెల్లూరు తీసుకురా. మా ఆటోనగర్ కుర్రాళ్ల చేత పాత బండికి బిగిస్తాను. పట్ట మీద గొట్టంతో నీళ్లు పోసి, పొదుగు దిగేదాకా చూద్దాం. అప్పుడు మూసి చూడాలి.

నువ్వు పక్కన నిలబడి చూడు. ఆ పిన్ను తీసేది నేనే.

మీ మామ