సప్తసాగర యాత్రకు బయలుదేరే మనవడికి

చిరంజీవి మనవడికి, తాతయ్య ఆశీస్సులు.

చొల్లంగి నుంచి అంతర్వేది దాకా సముద్రం వెంట నడుస్తామని, ఫోనులో దారంతా గీసుకున్నామని రాశావు. సంతోషం. కానీ నువ్వు పంపిన గీత నాలుగు చోట్ల నీళ్ల మీదుగా పోతోంది. అక్కడ ఏ వేళకు ఎంత లోతుంటుందో ఆ గీత చెప్పదు.

గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేసే ఈ నడకకు మన పెద్దలు రోజులు ఎప్పుడో పెట్టారు. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ స్నానం, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వశిష్ఠ. నడుమ ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక. అన్నీ నిండు నదులనుకోకు. తుల్యభాగ ఎక్కడని ఊళ్లో అడిగితే డ్రెయిను చూపిస్తారు. ఇక వైనతేయ కూడా గోదావరి పాయే, ఏడింటి లెక్కలోకి రాదు గానీ, దాన్ని దాటకుండా అంతర్వేది చేరలేవు. ఓడలరేవు దగ్గర పడవ దొరకకపోతే చిన్నబుచ్చుకోకుండా వెనక్కి వచ్చి బోడసకుర్రు వంతెన మీదుగా వెళ్లు.

తిథులు చూసుకోమంటే చాదస్తమని నవ్వావట, మీ అమ్మ చెప్పింది. అమావాస్యనాడూ ఆ తర్వాత రెండు రోజులూ పోటు పెద్దది, ఆటుకు నీరు వెనక్కి పోయేదీ ఎక్కువే. అష్టమి, నవమి నాటికి ఆ తేడా బాగా తగ్గుతుంది. పోటుకూ ఆటుకూ నడుమ ఆరు గంటల పైచిలుకు. ఈరోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటిరోజు చొల్లంగిలో పడవవాళ్లను అడిగి వేళ రాసుకో, ఆపైన లెక్క కట్టుకోవచ్చు. అయితే నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు వచ్చిన చాలాసేపటికి గానీ లోపలి కాలువలోకి రాదు. అందుకే ప్రతి రేవులోనూ మళ్లీ అడగాలి.

నేను అడగలేదు. బలుసుతిప్ప వైపు ఒక పాయను పొద్దున మోకాలి లోతులో దాటాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అదే చోట నీరు ఛాతీ దాకా ఉంది, పైగా లోపలికి ఈడుస్తోంది. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. తడి పంచెతో చీకటి పడేదాకా గట్టున కూర్చున్నాను. దోమల సంగతి రాయను. ఆ తర్వాతే వెదురుకర్ర ఒకటి కోయించి, నా మోకాలి ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి గాట్లు పెట్టించాను. అడుగు వేసే ముందు కర్ర దించాలి. పై గాటు తడిస్తే ఆగిపోవాలి. కర్ర దిగుతూనే ఉంటే అది ఊబి, పక్కకు తప్పుకో.

కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకండి. కొమ్మలు పట్టుకుని నడిచే అలవాటు మానుకో: తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. మీరు నడిచే రోజుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. రాత్రివేళ ఇసుకలో టార్చి వేయకండి, వాటికి దారి తప్పుతుంది. ఫొటో కోసమైనా సరే.

నడక ఆటు మీద, తడి ఇసుకలో సాగాలి. పొడి ఇసుకలో గంట నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి పడమటికి వెళ్లేవాడికి ఎడమకాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మూడో రోజుకు తుంటి నొప్పి మొదలవుతుంది. మధ్యమధ్య మెరక మీదికెక్కి సరుగుడు తోటల్లో నడువు. వేళ్ల సందుల్లో, తొడల దగ్గర కొబ్బరినూనె రాసుకో. ఉప్పునీటి ఒరిపిడి ముందు ఏ ఖరీదైన బూటూ పనికిరాదు. చాలాచోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది, మంచినీళ్లు మోసుకోవాలి. బొండాం కనబడితే వదలకు.

అంతర్వేదిలో దశమి రాత్రి కల్యాణం, ఏకాదశినాడు రథం. ఆ జనంలో మీరు నలుగురూ ఒకరినొకరు వెతుక్కోకుండా ముందే ఒక చోటు అనుకోండి. నర్సాపురం వెళ్లే పంటు పడవ కోసం సఖినేటిపల్లి రేవులో చాలాసేపు నిలబడాల్సి వస్తుంది.

బయలుదేరే ముందు, చతుర్దశి రాత్రికి ఇక్కడికే వచ్చి పడుకో. ఆ కర్ర అటక మీద ఉంది. నువ్వు నాకన్నా పొడుగు, గాట్లు మళ్లీ పెట్టాలి.

మీ తాతయ్య