భయంగా అరిచాడా, భయంకరంగా అరిచాడా?

సందేహం: ఉద్యోగానికి రాసిన ఉత్తరంలో ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అన్నాను. అది తప్పట, ‘ఇంట్రెస్టెడ్’ అనాలట. తెలుగులో ‘నాకు ఆసక్తిగా ఉంది’, ‘కథ ఆసక్తిగా ఉంది’ అని రెండుచోట్లా ఒకే మాట అంటాం కదా. మనకు లేని ఈ తేడాను గుర్తుపెట్టుకునేదెలా?

సమాధానం: మనకు లేదనకండి. ఉంది, కాకపోతే వేరేచోట ఉంది. మీ మొదటి వాక్యంలో ‘నాకు’ అన్నారు. ఆసక్తి ఎవరిదో ఆ ‘కు’ విభక్తే చెప్పేసింది కాబట్టి ‘ఆసక్తిగా’ అన్న మాట రూపు మార్చుకోనక్కర్లేకపోయింది. ఇంగ్లీషులో అక్కడ ‘ఐ’ అని కర్తగానే రావాలి. అందుకని అనుభవించేదెవరో, కలిగించేదేదో విశేషణం తోకే చెప్పాల్సి వస్తుంది.

ఈ తేడా మన క్రియల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భయపడ్డ పిల్లాడు, భయపెట్టే కుక్క. తికమకపడ్డ విద్యార్థి, తికమకపెట్టే ప్రశ్న. ఇబ్బందిపడ్డ అతిథి, ఇబ్బందిపెట్టే మాట. ‘పడు’ వచ్చేచోట ఇంగ్లీషులో ‘ఎడ్’, ‘పెట్టు’ వచ్చేచోట ‘ఇంగ్’ వేసుకోండి: కన్‌ఫ్యూజ్డ్ స్టూడెంట్, కన్‌ఫ్యూజింగ్ క్వశ్చన్. ‘పెట్టు’ బదులు కొన్నిటికి ‘పరచు’ వస్తుంది, కొన్నిటికి ‘ఇంచు’ వస్తుంది. ఆశ్చర్యపడ్డవాడు సర్‌ప్రైజ్డ్, ఆశ్చర్యపరిచే వార్త సర్‌ప్రైజింగ్. విసిగిపోయిన శ్రోత బోర్డ్, విసిగించే ఉపన్యాసం బోరింగ్. (మనవాళ్లకు బోరింగ్ అంటే ముందు చేతిపంపు గుర్తొస్తుంది, అది వేరే సంగతి.)

మనుషులకు ‘ఎడ్’, వస్తువులకు ‘ఇంగ్’ అని కొందరు నేర్పే సూత్రం నాకు నచ్చదు. ఎదుటివాళ్లను విసిగించే మనిషీ బోరింగే. మీ ఉత్తరంలోనూ ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్’ వరకు వ్యాకరణం తప్పు లేదు. ‘నేను భలే ఆసక్తికరమైన మనిషిని’ అని మిమ్మల్ని మీరే మెచ్చుకున్నట్టయింది, అంతే! కంగారుపడ్డ మనిషి చూపును ‘వరీడ్ లుక్’ అంటారు. చూపు మనిషి కాదు, అయినా ‘ఎడ్’ వచ్చింది, ఎందుకంటే ఆ కంగారు ఎదుటివాళ్లది కాదు, ఆ చూపు ఎవరిదో వాళ్లది.

‘ఎడ్’ అంటే భూతకాలం, ‘ఇంగ్’ అంటే జరుగుతున్నది అని బళ్లో నేర్చుకున్నదీ ఇక్కడ అడ్డొస్తుంది. మనసుకు సంబంధించిన ఈ మాటల్లో కాలం ప్రసక్తి లేదు. నిన్నటి ఉపన్యాసమైనా, రేపటిదైనా బోరింగే. అయితే ‘డెవలప్డ్ కంట్రీ’, ‘డెవలపింగ్ కంట్రీ’ లాంటి చోట మాత్రం ఆ పాత లెక్కే సరి: అభివృద్ధి చెందిన దేశం, చెందుతున్న దేశం. అక్కడ పడు, పెట్టు పనికిరావు. అలాగే ప్రతి ‘ఎడ్’కీ వాడుకలో ‘ఇంగ్’ జోడీ ఉండదు. ‘ఇంప్రెస్డ్’ పక్కన ‘ఇంప్రెసివ్’, ‘స్కేర్డ్’ పక్కన ‘స్కేరీ’ వస్తాయి. ఇవి విని అలవాటు చేసుకోవాల్సినవే.

ఇంగ్లీషు సంగతి అటుంచితే, ఈ మధ్య తెలుగులోనే ఈ తేడా చెరిగిపోతోంది. ‘సభికులు ఆసక్తికరంగా విన్నారు’ అని రాస్తున్నారు. ‘కర’ అంటే కలిగించేది. అలా రాస్తే సభికులు వినే తీరు చూసేవాళ్లకు ఆసక్తి పుట్టించిందని అర్థం. వాళ్లు విన్నది ‘ఆసక్తిగా’. ఆసక్తికరంగా ఉన్నది ప్రసంగం. చీకట్లో ఒకడు భయంగా అరిచాడంటే భయం వాడిది. భయంకరంగా అరిచాడంటే భయం విన్నవాళ్లది. మీ ఉత్తరంలో జరిగిన పొరపాటూ సరిగ్గా ఇదే.