గో టు ద డాగ్స్: కుక్కల పాలైందా, భ్రష్టుపట్టిందా?

సందేహం: ‘ద కాలేజ్ హాజ్ గాన్ టు ద డాగ్స్’ అన్న వాక్యాన్ని ‘ఆ కాలేజీ కుక్కల పాలైంది’ అని తెలుగు చేశాను. మా సంపాదకుడు ఒప్పుకోలేదు. ఎవరిది ఒప్పు? ఈ నుడికారం కుక్కల పందేల నుంచే వచ్చిందా?

సమాధానం: మీ సంపాదకుడిదే ఒప్పు. ఇక్కడ ‘పాలు’ అంటే వాటా. ఒకరికి దక్కాల్సింది అర్హత లేనివాళ్ల చేతిలో పడితే ‘కుక్కల పాలైంది’ అంటాం. తాత కూడబెట్టిన పొలాన్ని మనవడి చుట్టూ చేరిన జల్సారాయుళ్లు తినేస్తే, ఆ మాట అతికినట్టు సరిపోతుంది. కాలేజీకి వాడితే మాత్రం, దాన్నెవరో దుర్మార్గులు చేజిక్కించుకున్నారన్న నింద వినిపిస్తుంది. ఇంగ్లిషు వాక్యంలో ఆ నింద లేదు. ఒకప్పుడు బాగా నడిచింది, ఏటికేడు దిగజారిపోయింది అన్న బాధే ఉంది. ‘ఆ కాలేజీ భ్రష్టుపట్టిపోయింది’ అనండి, చాలు. దిగజారుడు ఇంకా ఆగలేదని చెప్పాలంటే ‘నానాటికీ తీసికట్టు నాగంభొట్టు’ ఉండనే ఉంది. ఇంత చక్కటి సామెతను పత్రికలవాళ్లు వాడటం మానేస్తున్నారు, అది నాకు నచ్చదు.

‘కుక్కలు చింపిన విస్తరి’ కూడా ఇక్కడ పనికిరాదు. అందులో ఉన్నది తలోవైపు లాగి ముక్కలు చేయడం. అన్నదమ్ముల తగాదాల్లో చెదిరిన కుటుంబానికి, ముఠాలుగా చీలిన పార్టీకి ఆ మాట.

ఇక పుట్టుక. యంత్రపు కుందేలు వెంట గ్రేహౌండ్లను ఉరికించే పందేలు బ్రిటన్‌లో మొదలైంది 1926లో, మాంచెస్టర్‌లోని బెల్‌వ్యూ మైదానంలో. నుడికారం అంతకు ఎంతో ముందుది. మనుషులు తినడానికి పనికిరానిదాన్ని కుక్కలకు పడేసే అలవాటు నుంచి వచ్చిందన్న వివరణే నమ్మదగ్గది. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ అయిదో అంకంలో, మనోవ్యాధిని రోగి తనకు తానే నయం చేసుకోవాలని వైద్యుడు చెప్పగానే, మాక్‌బెత్ చిరాకుపడి ‘అయితే నీ వైద్యాన్ని కుక్కలకు పడేయ్’ అంటాడు. పనికిరానిది కుక్కలకు అన్న భావం అప్పటికే ఉందన్నమాట.

వాడుకలో ఒక జాగ్రత్త. వరదకు ఒక్కరోజులో కొట్టుకుపోయిన వంతెనకు ఈ నుడికారం వాడరు, మెల్లగా జరిగిన పతనానికే వాడతారు. బాగోగులు చూడక శిథిలమైన భవనానికైతే ‘గో టు రాక్ అండ్ రూయిన్’ మేలు. అది మన ‘పాడుపడింది’కి దగ్గర. ఇంకొకటి, ‘గో టు ద డాగ్స్’ చనువుగా మాట్లాడుకునేటప్పటి మాట. విద్యాశాఖకు ఫిర్యాదు రాస్తుంటే ప్రమాణాలు పడిపోయాయనే రాయండి.