పాత కారుకు వైరింగ్ తంటా: రిపేరు కన్నా ముందు రిపోర్టు

ప్రశ్న: పాత కార్లు కొని అమ్మే డీలరు దగ్గర పదకొండేళ్ల నాటి పెట్రోలు కారు తీసుకున్నాను. "వైరింగ్ అంతా కంపెనీదే, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అని వాట్సాప్‌లో కూడా రాశాడు. వారం తిరక్కుండానే పొద్దున పూట బండి స్టార్ట్ కావడం మానేసింది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ అదే వరస. ఇంకొకతను ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే భాగం) పోయిందన్నాడు. మూడో అతను వైరింగ్ మొత్తం మార్చాల్సిందే అంటున్నాడు. డీలరును అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని సంతకం పెట్టారు కదా" అంటున్నాడు. నా డబ్బు వెనక్కి వస్తుందా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. అయితే వైరింగ్ మార్చే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి.

ఇలాంటి కేసుల్లో చాలామంది బిల్లుల కట్ట పట్టుకొని వస్తారు. ఏ లోపం ఉండిందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. తీసేసిన పార్టులు ఏవంటే పాత సామాన్ల వాడికి వేసేశారంటారు. అవతలి వకీలు అడిగేది ఒకటే: "ఈ లోపం అమ్మిన రోజునే ఉందని ఏమిటి ఆధారం?" ముగ్గురు మెకానిక్‌లు మూడు మాటలు చెప్పి ఉంటే ఆయన పని ఇంకా సులువు.

అందుకే ఊహతో పార్టులు మార్చేవాళ్లను పక్కనపెట్టి, మీటరు పెట్టి కొలిచే ఆటో ఎలక్ట్రీషియన్‌ను పట్టుకోండి. కొలిచినవన్నీ తేదీ, బండి నంబరు, కిలోమీటర్ల రీడింగుతో రాసి సంతకం చేసివ్వమనండి. పూర్తిగా చార్జయిన బ్యాటరీ, బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా ఉంటుంది. అంతకు బాగా తక్కువైతే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో, మధ్యలోని కనెక్షన్లనో అనుమానించాలి.

మీ కేసులో అసలు ముఖ్యమైంది మూడో పరీక్ష. బండి ఆపి, తలుపులు వేసి, లోపలి కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లేదాకా ఆగి, బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో కొలవాలి. చాలా కార్లలో ఇది 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు కరెంటు పడిపోయిందో లోపం ఆ దారిలోనే ఉంది. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ తీగ విప్పి చూడమనండి. లోపలి డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) పాడైతే చార్జింగ్ బాగున్నట్టు కనిపించినా రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది.

ఆ దారి వెంట వెళ్తే డ్యాష్‌బోర్డు కింద ఎవరో తర్వాత బిగించిన అలారమో, మ్యూజిక్ సిస్టమో దొరకొచ్చు. దాని అతుకు దగ్గర నల్ల టేపు జిగురు కారి, దానికి దుమ్ము పేరుకొని, లోపల రాగి పచ్చబడి ఉంటే అది వారం రోజుల్లో జరిగేది కాదు. ఫ్యూజు బాక్సులో ఒండ్రు, సీట్ల కింద కనెక్టర్లకు తుప్పు కనిపిస్తే బండి నీళ్లలో మునిగిందేమోనని చూడాలి. దేన్నీ కదపకముందే ఫొటోలు, వీడియో తీయండి. వీడియోలో ఛాసిస్ నంబరు కూడా కనిపించాలి. స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే పరికరం) పెడితే వచ్చిన కోడ్‌లు ప్రింటు తీసుకునే వరకు చెరపనివ్వకండి. బ్యాటరీ తీగ విప్పినా కొన్ని బండ్లలో అవి పోతాయి కాబట్టి స్కానింగ్ ముందు, మిగతా పరీక్షలు తర్వాత.

ఇక చట్టం. 1930 నాటి వస్తువిక్రయ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం కొనేవాడే చూసుకొని కొనాలన్నది మామూలు నియమం. దానికి మినహాయింపులున్నాయి గానీ, మీరు బండి పరీక్షించి కొంటే ఆ పరీక్షలో తెలియాల్సిన లోపాలకు వాటిలో ముఖ్యమైంది, అంటే సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది, వర్తించదు. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న షరతు కూడా ఆ మినహాయింపులను చాలావరకు తగ్గించగలదు. కానీ మీకున్న బలం వేరు. వైరింగ్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదని అతను స్పష్టంగా రాశాడు. అది అబద్ధమని తేలితే కాంట్రాక్టు చట్టంలోని 17, 18 సెక్షన్ల కిందికి, అంటే మోసం లేదా తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. సంతకం చూపించి ఆ మాటను తుడిచేసుకోవడం అంత తేలిక కాదు. అతుకులు లేకుండా, ఉత్త బ్యాటరీ ముసలిదైందనో, ఆల్టర్నేటర్ బ్రష్‌లు అరిగాయనో రిపోర్టు వస్తే మాత్రం కేసు బలహీనం. పదకొండేళ్ల బండికి అది అరుగుదలే.

డీలరు వ్యాపారి కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు, మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వాట్సాప్ సందేశాలకు 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ (అవి ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో చెప్పే కాగితం) జతచేయాలి, కనుక ఆ ఫోన్ మార్చకండి. అమ్మింది డీలరు కాకుండా సొంత బండి అమ్ముకున్న మామూలు మనిషైతే ఈ దారి లేదు, సివిల్ కోర్టే.

మొత్తం డబ్బు వెనక్కి రావడం కష్టమనే చెప్తాను. బండి వాడారు, ఒక పార్టు మార్చారు కూడా. రిపేరు ఖర్చు, పరిహారం అడగడమే ఎక్కువ నిలబడే కోరిక. నీళ్లలో మునిగిన బండి అని తేలితే అప్పుడు ధర మొత్తం అడగండి.

రిపోర్టు రాగానే దాని కాపీతో డీలరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. "ఫలానా రోజు, ఫలానా చోట బండి విప్పుతున్నాం, మీ మనిషిని పంపి చూసుకోండి" అని పదిహేను రోజుల గడువివ్వండి. వస్తే అతని ఎదుటే విప్పించండి. రాకపోతే వీడియో తీస్తూ రిపేరు చేయించి, తీసేసిన ప్రతి తీగా, పార్టూ సంచిలో వేసి మీ దగ్గరే ఉంచుకోండి. పాత బ్యాటరీ మొదటి మెకానిక్ దగ్గర ఇంకా ఉందేమో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.