తెలుగులో రాసిన బ్లాగు గూగుల్‌లో దొరకాలంటే ఏం చేయాలి?

మీరు రెండేళ్ళుగా తెలుగులో బ్లాగు రాస్తున్నారు, ముప్పై పోస్టులున్నాయి, బ్లాగు పేరు కొడితే తప్ప ఒక్కటీ గూగుల్‌లో కనిపించడం లేదు. ఇదే కదా మీ బాధ? నేను ఇదంతా పడి లేచినవాడిని. కంప్యూటరు చదువు లేదు, పర్లాకిమిడిలో ఒక బట్టల కొట్టుకి లెక్కలు రాస్తాను, రాత్రి భోజనమయ్యాక బ్లాగు రాస్తాను. అయినా ఈ విషయంలో యూట్యూబు గురువుల కంటే నాకే బాగా తెలుసని నా నమ్మకం.

వాళ్ళ సంగతి ముందే తేల్చేస్తాను. వంద మాటల్లో కీవర్డు, అంటే జనం వెతికే మాట, మూడుసార్లు రావాలనీ, రెండు వేల పదాలు లేకపోతే గూగుల్ చూడదనీ చెబుతారు. ఇంకొకాయన పేజీ వెనక కోడులో కీవర్డులు రాసే చోటు, కీవర్డ్స్ మెటా ట్యాగ్, నింపమని అరగంట వీడియో పెట్టాడు. ర్యాంకింగుకి, అంటే ఏ పేజీ పైన రావాలో తేల్చడానికి, ఆ ట్యాగును పట్టించుకోమని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. అరగంట పోయింది, మధ్యలో నాలుగు ప్రకటనలు కూడా చూశాను.

నాకు కళ్ళు తెరిపించింది మా బావమరిది. పాతపట్నంలో అద్దెకారు నడుపుతాడు. పాతపట్నం ఆంధ్రా, మాది ఒడిశా. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉందని బోర్డు చూస్తే గానీ తెలియదు. ఒక ఏడాది మహాశివరాత్రికి వారం ముందు ఫోన్ చేశాడు. మహేంద్రగిరి మీద కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి ఉన్నాయి కదా, శివరాత్రికి అక్కడ జనం విరగబడతారు. వీడికి టెక్కలి నుంచి ఒక కుటుంబం బేరం వచ్చింది. ఎప్పుడూ కొండెక్కలేదు, దారి చెప్పమన్నాడు.

నేను గర్వంగా, "అదంతా నా బ్లాగులో రాశాను కదరా, చూసుకో" అన్నాను.

గంట తర్వాత మళ్ళీ ఫోను. "ఏటి బావా, నీ బ్లాగు ఎక్కడా తగల్లేదు. నాలుగు పేజీలు తిరగేసినాను."

"ఏమని కొట్టావు?"

"మహేంద్రగిరి కొండ మీదకి కారు ఎల్తాదా అని."

నా పోస్టు పేరు 'మేఘాల ఒడిలో ఒక ఉదయం'. ఆ పేరు కోసం రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడకి చదివి వినిపించాను కూడా. ఆ పేరులో మహేంద్రగిరి లేదు, గుడి లేదు, దారి లేదు, పర్లాకిమిడి లేదు. మేఘాల కోసం గూగుల్‌లో వెతికేవాడు వాతావరణం కోసం వెతుకుతాడు గానీ నా కోసం వెతకడు. పోనీ లోపల చూద్దామంటే కారు సంగతి తొమ్మిదో పేరాలో ఉంది. మొదటి ఎనిమిదీ తెల్లవారుజామున మంచు ఎలా కదిలిందో, నాకు ఏమనిపించిందో.

దారి ఫోన్‌లోనే చెప్పాను. ఆ రాత్రి కూర్చుని పోస్టు పేరు మార్చాను: 'మహేంద్రగిరి కొండ మీదకి కారు వెళ్తుందా? పర్లాకిమిడి నుంచి దారి, గుడులు'. కవిత్వం ఏమీ లేదు, బస్టాండు బోర్డులా ఉంది. తొమ్మిదో పేరా తెచ్చి మొదట పెట్టాను. మేఘాలను తీసేయలేదు, కిందికి తోశాను. పేరు కింద గూగుల్‌లో రెండు లైన్లు కనిపిస్తాయి చూడండి, ఆ డిస్క్రిప్షన్ కూడా నేనే రాశాను. రాసినదాన్నే గూగుల్ చూపిస్తుందన్న హామీ లేదు. ఒక్కోసారి తనకి నచ్చిన వాక్యం పోస్టులోంచి ఏరుకుంటుంది. అయినా రాయడం మంచిది.

పేరు మార్చాక కూడా వెంటనే ఏమీ జరగలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. ఉత్త 'మహేంద్రగిరి' అని కొడితే ఇస్రో రాకెట్ ఇంజన్ల పరీక్షలు వస్తున్నాయి! తమిళనాడులో తిరునెల్వేలి జిల్లాలో ఇంకో మహేంద్రగిరి ఉంది, ఇస్రో ప్రొపల్షన్ కాంప్లెక్స్ అక్కడే. మా గజపతి జిల్లా కొండ దాంతో పోటీ పడాలి. ఇస్రోతో నేనెక్కడ నెగ్గుతాను? అందుకే మొదటి పేరాలోనే గజపతి జిల్లా, ఒడిశా, 1501 మీటర్ల ఎత్తు, పాండవుల గుడులు అని రాసేశాను. మీరు ఏ ఊరి గురించి రాసినా ఆ పేరుతో ఇంకో ఊరు ఎక్కడుందో చూసుకోండి. మా దగ్గర ఇది మరీ ఎక్కువ. రాయగడ పేరుతో ఒక జిల్లా ఉంది, మా గజపతిలో ఒక బ్లాకూ ఉంది. ఒకసారి ఒకాయన రాయగడ బ్లాకు గురించి రాసిన పోస్టు చదివి మజ్జిగౌరమ్మ గుడికి దారి అడిగాడు. ఆ గుడి ఉన్నది రాయగడ పట్నంలో, మా వైపు కాదు.

ఇక మా ఊరి పేరే ఒక గొడవ. మేం పర్లాకిమిడి అంటాం. ఒడియాలో పారళాఖేముండి. ఇంగ్లీషులో పాత కాగితాల్లో ఒక స్పెల్లింగు, ఇప్పటి బోర్డుల మీద ఇంకొకటి. గూగుల్ కొంతవరకు ఇవన్నీ ఒకటేనని పోల్చుకుంటుంది గానీ పూర్తిగా దాని మీద వదిలేయలేం. నేను పోస్టు మొదట్లో ఒక్కసారి 'పర్లాకిమిడి (పారళాఖేముండి)' అని రాసి, ఆ తర్వాత నా అలవాటు పేరే వాడతాను. పేరా పేరాకీ నాలుగు స్పెల్లింగులూ కుక్కితే గూగుల్ దాన్ని స్పాము కింద లెక్కేస్తుంది, చదివేవాడికీ చిరాకు.

జనం ఏమని కొడుతున్నారో ఊహించక్కర్లేదు, గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఉంది. మీ బ్లాగును అందులో చేర్చండి. ఏ మాటలు వెతికినప్పుడు మీ పోస్టు కనిపించిందో, ఎన్నిసార్లు నొక్కారో, ఎన్నో స్థానంలో వచ్చిందో పదహారు నెలల లెక్క చూపిస్తుంది. నేను మొదటిసారి తెరిచినప్పుడు నవ్వొచ్చింది. నేను 'ప్రయాణ మార్గము', 'వసతి సదుపాయములు' అని ఉపశీర్షికలు పెట్టాను. జనం కొట్టింది 'ఎలా వెళ్ళాలి', 'రూములు దొరుకుతాయా', అవి కూడా ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో. ఈమధ్య మైకు నొక్కి మాట్లాడేవాళ్ళు పెరిగారు. మైకు ముందు 'సదుపాయములు' అనేవాడు నాకింతవరకు తారసపడలేదు.

మా ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందట పండితులతో పోట్లాడింది దీని గురించే కదా. జనం మాట్లాడే తెలుగే రాయండన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసి, ఆ రోజు స్టేజీ మీద గ్రాంథికంలో ఉపన్యాసాలు ఇస్తున్నాం. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఎవరైనా నా బ్లాగు చదివి, "మీ తెలుగు బాగుందండీ, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?

సరే, ఎక్కడికో పోయాను. బ్లాగు పేరు కొట్టినా మీ ముప్పై పోస్టుల్లో ఒక్కటి కూడా రావడం లేదంటే పేర్ల గొడవ కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి. వర్డ్‌ప్రెస్‌ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజన్లు ఈ సైటును ఇండెక్స్ చేయొద్దు (తమ జాబితాలో చేర్చుకోవద్దు) అనే పెట్టె ఒకటుంటుంది. బ్లాగు కట్టేటప్పుడు టిక్కు పెట్టి మరిచిపోయినవాళ్ళు చాలామంది. బ్లాగర్‌లో ప్రైవసీ కింద అలాంటి మీటే ఉంది. అది సరిగ్గా లేకపోతే మిగతావి ఎన్ని చేసినా దండగ. సెర్చ్ కన్సోల్లో పోస్టు లింకు వేసి చూస్తే ఇండెక్స్ అయిందో లేదో చెబుతుంది. కాలేదంటే అక్కడే అభ్యర్థన పెట్టొచ్చు. పెట్టగానే వచ్చేయదు, రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. రోజుకి పదిసార్లు నొక్కినా తొందరేమీ పడదు. నేను నొక్కి చూశాను.

బ్లాగర్ వాడుతుంటే ఇంకో సంగతి. పేరు పూర్తిగా తెలుగులో పెడితే లింకులో ఆ మాటలేవీ రావు, ఉత్త 'బ్లాగ్-పోస్ట్' అనీ దాని పక్కన ఒక అంకె అనీ పడుతుంది. ప్రచురించే ముందే పర్మాలింకులో (పోస్టు లింకు రాసే చోట) ఇంగ్లీషు అక్షరాలతో రెండు మూడు మాటలు వేసుకోండి. పాత పోస్టుల లింకులు మార్చకండి, ఎవరో వాట్సాప్‌లో పంచుకున్నవి తెగిపోతాయి. ర్యాంకింగుకి దీనివల్ల పెద్ద లాభం ఉందని నేననను. కానీ లింకు చూసి నొక్కే మనిషికి అదేమిటో తెలియాలి కదా.

ఫొటోల విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను. బస్సు వేళల బోర్డుని ఫొటో తీసి పోస్టులో పెట్టేశాను, టైపు చేయడానికి బద్ధకించి. బస్సు వేళలు వెతికేవాళ్ళకి ఆ పోస్టు ఒక్కసారి కూడా తగల్లేదు. టైపు చేశాక మెల్లగా రావడం మొదలైంది. ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెప్పే మాటలు) రాయండి, అందులో ఉన్న సమాచారం మాత్రం అక్షరాల్లో కూడా ఉండాలి.

పోయిన శివరాత్రికి మా బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. కారు గురించి కొడితే నా పోస్టే పైన వచ్చిందట. చదివావా అని అడిగాను.

"పైన రెండు ముక్కలు సదివినాను బావా. కిందదంతా మబ్బుల గురించి కదా, వదిలీసినాను."