మద్రాసు చూడాలంటే ముందు చంద్రగిరి చూడండి

"తిరుపతి నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేలా మద్రాసు చరిత్ర చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. సెంట్రల్ స్టేషన్లో మాత్రం మొదలుపెట్టొద్దు. ముందు రోజు మధ్యాహ్నం చంద్రగిరికి పోయి రాజమహల్ చూడండి. మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నం తప్ప ఎక్కడా కలప లేదు. లోపల నిలబడి తలెత్తి పైకప్పు చూడండి, ఒక్క దూలం కూడా కనిపించదు. మర్నాడు ఇది అక్కరకొస్తుంది.

మద్రాసు దొరలు కట్టిన ఊరని మనోళ్ళే అంటుంటే బాధేస్తుంది. సెయింట్ జార్జి కోట కట్టింది వాళ్ళే, కానీ చోటిచ్చింది ఎవరు? 1639 ఆగస్టు 22న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఆ ఇసుక నేల రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. కాళహస్తి, వందవాసి నేలిన దామెర్ల వాళ్ళాయన. పైన ఉన్న రాజు విజయనగరపు ఆఖరి వంశానికి చెందిన పెద వేంకటరాయలు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం. ఈరోజు తమిళనాడు రాజధాని పేరు మన కాళహస్తి వాళ్ళింటి పెద్దాయన పేరంటే నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

చోటు తీసుకున్న కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే కూడా మన పక్క నుంచే పోయాడు. వాకాడు దగ్గరి దుగరాజపట్నంలో కంపెనీకి చిన్న స్థావరం ఉండేది, వాళ్ళు ఆర్మగాం అనేవాళ్ళు. అక్కడ సరుకు సరిగా దొరకలేదు. మద్రాసులో లాంగ్‌క్లాత్ (పొడుగు తానుల నూలు బట్ట) చవకగా దొరుకుతుందని డే పట్టుబట్టాడు. ఓడరేవు ఉందని మాత్రం కాదు! అలల్లోకి ఓడ రాలేదు, దూరంగా లంగరు వేసేది. మనుషులనీ మూటలనీ మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చేవాళ్ళు. మేకు కొడితే అలల దెబ్బకు చెక్క పగిలిపోతుందని ఆ పడవల పలకలను కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు. తాగేందుకు మంచినీళ్ళు కూడా కోటలో సరిగా లేవు, ఊరి ఉత్తరాన ఉన్న ఏడు బావుల నుంచి 1772లో తెప్పించుకున్నారు. బట్ట కోసం పుట్టిన ఊరది. చాకలిపేట (వణ్ణారపేట) అన్న పేరు కంపెనీ గుడ్డలు ఉతికి తెల్లబరిచినవాళ్ళది. 1734లో పెట్టిన చింతాద్రిపేట నూలు వడికేవాళ్ళకీ నేసేవాళ్ళకీ కట్టించింది.

ఇక దారి. శుక్రవారం పోవద్దు, కోటలోని మ్యూజియానికి ఆరోజు సెలవు. ఆదివారం మేలు. హోల్‌సేల్ కొట్లు చాలావరకు మూసుంటాయి కాబట్టి కోటకు ఉత్తరాన ఉన్న పాత బజారుపేట జార్జిటౌన్ సందుల్లో నడవగలరు. బస్సయితే మాధవరంలో దింపుతుంది, అక్కణ్ణుంచి ఊళ్ళోకి వచ్చేసరికి గంట పోతుంది. అందుకే రైలెక్కండి.

సెంట్రల్లో దిగి చాలామంది నేరుగా కోటకు పోతారు. అక్కడే తప్పు జరుగుతుంది. కోట చూసి వచ్చేసరికి మధ్యాహ్నమై గుళ్ళు మూసేస్తారు. ముందు ఆటోలో పూలబజారు దేవరాజ ముదలి వీధికి పోండి. చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర జంట గుళ్ళు పక్కపక్కనే ఉంటాయి. ఇవి మొదట ఇక్కడివి కావు. అసలు గుడి ఇప్పుడు హైకోర్టున్న చోట ఉండేది. ఆ గుడి చుట్టూ, కోట ఉత్తరపు గోడకు ఆనుకుని, దుబాసీలూ (కంపెనీకి మాట, బేరం కుదిర్చేవాళ్ళు) నేతగాళ్ళూ ఉండే పాతపేట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకుని గోడ దగ్గరి ఇళ్ళు కూల్చారు. 1749లో ఊరు తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్ళు మిగిలినదీ తీసేశారు. శత్రువు ఆ ఇళ్ళ చాటున ఫిరంగులు పెడతాడని భయం. గుడి కూడా పోయింది. తర్వాత మణలి ముత్తుకృష్ణ ముదలియార్ పూనుకుని ఈ వీధిలో మళ్ళీ కట్టించాడు.

ఆ ఖాళీ నేలలో మళ్ళీ ఇళ్ళు లేవకుండా 1773లో పదమూడు హద్దు స్తంభాలు పాతారు. అందులో ఒకటి ఇప్పటికీ పారీస్ కార్నర్లో డేర్ హౌస్ దగ్గర ఉంది. గుడి దగ్గర్నుంచి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీదుగా నడిచి దాన్ని చూసి, ఎదురుగా ఉన్న హైకోర్టు వైపు తిరగండి. ఒక ఊరు మొత్తం లేచిపోయిన నేల అది. 1892లో పూర్తయిన ఆ ఎర్ర భవనాన్ని ఫొటో తీసుకునేవాళ్ళలో నూటికి తొంభైమందికి దాని కింద ఏముండేదో తెలియదు.

అక్కణ్ణుంచి కోట దగ్గరే. సచివాలయం అందులోనే ఉంది కాబట్టి తనిఖీ ఉంటుంది. ఆధార్ కార్డు పెట్టుకోండి, పెద్ద సంచులు వద్దు. ముందు సెయింట్ మేరీస్ చర్చి చూడండి, 1680 నాటిది. గోడలు నాలుగడుగుల మందం, కప్పు ఫిరంగి గుండుకు ఆగేలా ఇటుక కమానుతో కట్టారు, కలప వాడలేదు. రాజమహల్ కప్పు గుర్తుకు తెచ్చుకుని చూడండి. మ్యూజియంలో పై అంతస్తుకు తప్పక ఎక్కండి, 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండా అక్కడుంది.

సాయంత్రం కోట స్టేషన్లో తాంబరం లోకల్ ఎక్కి మాంబళంలో దిగండి, పక్కనే టి.నగర్. చీరలకు మన జిల్లావాళ్ళంతా వచ్చి కూర్చునే పానగల్ పార్కు ఉంది కదా, ఆ పానగల్ రాజా రామరాయణింగారు కాళహస్తిలో పుట్టినవాడు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. టి.నగర్లో టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టి, ఆయనా తెలుగాయనే. ఆ పేట మొత్తం 1920లలో చెరువు ఎండగట్టి వేసిందే, గట్టి వాన పడితే నీళ్ళు నిలిచేది అందుకే. అక్టోబరు, నవంబరు నెలల్లో పోయేపనైతే టి.నగర్ వదిలేసి కోట నుంచే సెంట్రల్‌కు తిరిగిపోండి.